కెమెరా నిలకడ

కెమెరా కదలికను కళకు సంబంధించిన ప్రశ్నగానే మన సినిమా విమర్శకులు చూస్తూ వచ్చారు. అది డబ్బుకూ, శ్రమకూ గూడా సంబంధించిన ప్రశ్న అని నా అభిప్రాయం. ఇవాళ వరంగల్లు, హనుమకొండ, కాజీపేటలలో స్వంతంగా చిన్న చిత్రాలు తీస్తున్న యువకుల పని చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది.

మనిషి నడిచేటప్పుడు తల ఊగుతుంది. అయినా లోకం ఊగినట్టు కనిపించదు. కన్నూ, లోపలి చెవీ, మెదడూ కలిసి ఆ ఊపును సరిచేస్తాయి. కెమెరాకు ఆ సౌకర్యం లేదు. కనుక స్టూడియోలు పట్టాలు పరిచి వాటిమీద ట్రాలీ నడిపాయి, ఎత్తు కావలసినప్పుడు క్రేన్ తెచ్చాయి. పట్టాలు మొయ్యటానికి లారీ కావాలి, పరచటానికి మనుషులు కావాలి, అన్నిటికీ మించి చదునైన నేల కావాలి. గుడిసెల మధ్యా, పొలంగట్టు మీదా ఇదంతా ఎక్కడ సాగుతుంది? ఆ విధంగా నున్నగా కదిలే చూపు చాలాకాలం పెట్టుబడి ఉన్నవాడి సొత్తుగానే ఉండిపోయింది.

లేనివాడికి భుజమే ట్రాలీ. "భువన్ షోమ్" (1969)లో చేతిలో కెమెరాతో పనిచేసిన కె.కె. మహాజన్, మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీసిన "ఒక ఊరి కథ"కు గూడా ఛాయాగ్రాహకుడు. 1979లో బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన "మా భూమి"కి దర్శకుడైన గౌతమ్ ఘోష్ అంతకుముందు కరువు మీద డాక్యుమెంటరీ తీసి వచ్చినవాడు. నల్లగొండ, వరంగల్లు జిల్లాలను కుదిపేసిన 1946–51 పోరాటాన్ని చూపిన ఆ చిత్రం బలం నున్నటి కదలికలో లేదు. మనుషుల దగ్గరకు కెమెరా వెళ్ళటంలో ఉన్నది.

ఇక పట్టాలు లేకుండానే నిలకడ సాధించిన పరికరం స్టెడీకామ్. 1970ల మధ్యలో గ్యారెట్ బ్రౌన్ అనే అమెరికన్ ఛాయాగ్రాహకుడు దీన్ని తయారుచేశాడు. ఇందులో ఇంద్రజాలమేమీ లేదు. కావడి మోసేవాడి అడుగులోని కుదుపును వెదురుబద్ద మింగేసినట్టే, ఇక్కడ స్ప్రింగుల చెయ్యి మింగేస్తుంది. తాడుమీద నడిచే ఆటగత్తె చేతిలోని పొడుగాటి గడ ఆమెను ఒక్కసారిగా ఒరిగిపోనివ్వదు గదా. అలాగే కెమెరాను కడ్డీకి ఒక కొసనా, బరువులను మరొక కొసనా పెట్టటం మూలంగా కెమెరా తొందరగా తిరగదు. ఈ రెండు సూత్రాలూ మన సంతల్లో ఏనాటినుంచో తిరుగుతున్నవే.

దీన్ని మొదట వాడిన కథాచిత్రం శ్రామికుల గాయకుడు వుడీ గత్రీ జీవితం మీద తీసిన "బౌండ్ ఫర్ గ్లోరీ" (1976) కావటం గమనించదగినది. బ్రౌన్ క్రేన్ మీదనుంచి దిగి, వలస కూలీల శిబిరంలో దాదాపు 900 మంది మధ్యగా నడిచాడు. ఆకలి మాంద్యం కాలపు జనాన్ని చూపటంతో మొదలైన పరికరం త్వరలోనే ఖరీదైన అద్దె సరుకై, పెద్ద చిత్రాల హంగులలో కలిసిపోయింది.

అంతకు పన్నెండేళ్ళ ముందే, 1964లో, కలతొజోవ్ "నేను క్యూబాను" అనే చిత్రంలో ఉరుసేవ్‌స్కీ కెమెరా శవయాత్ర వెంట వీధిలో నడిచి, మేడపైకి లేచి, చుట్టల కార్ఖానాలో పనివాళ్ళ మధ్యనుంచి పోయి, కిటికీ దాటి గాలిలో తేలిపోతుంది. స్టెడీకామ్ అప్పటికి లేదు. చేతినుంచి చేతికి అందించుకున్నారు, చివర తీగకు తగిలించారు. (ఆ చిత్రం మాస్కోలోనూ నచ్చలేదు, హవానాలోనూ నచ్చలేదు. సాంకేతిక సాహసం ప్రజల మెప్పుకు హామీ కాదనేవారికి ఇది మంచి ఉదాహరణ.)

ఇప్పటి గింబల్ స్ప్రింగులను నమ్ముకోదు. కెమెరా ఎటు ఒరిగిందో చిన్న గైరో పసిగడుతుంది, మూడు మోటార్లు దాన్ని వెంటనే సరిదిద్దుతాయి. ఫ్రీఫ్లై సంస్థ 2013లో తెచ్చిన మూవీ, ఆ తరవాతి ఏడు డీజేఐ తెచ్చిన రోనిన్, 2016లో ఫోనుకు తగిన ఆస్మో మొబైల్ — ఈ వరుసలో పరికరం భుజంమీదనుంచి గుప్పిట్లోకి దిగింది. అయితే ఒరగటాన్నే గాని, అడుగుతోపాటు పైకీ కిందికీ ఎగరటాన్ని మోటార్లు ఆపలేవు. దానికి మోకాళ్ళు వంచి మెత్తగా నడవవలసిందే. స్ప్రింగు పని మోకాలి మీద పడ్డదన్నమాట!

మా వరంగల్లులో నేను చూసినంతవరకు గింబల్ పెళ్ళిళ్ళ వెంట వచ్చింది. వీడియో స్టూడియోలవాళ్ళు కొన్నారు. పిల్లలు వాళ్ళ దగ్గర అద్దెకు తెచ్చుకుంటున్నారు. పరికరంతోపాటు అలవాటూ అద్దెకు వస్తున్నది. ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలెత్తే హమాలీ మీద తీసిన ఒక విద్యార్థి చిత్రం చూశాను. కెమెరా అతని చుట్టూ పెళ్ళికొడుకు చుట్టూ తిరిగినట్టు తిరిగింది. బస్తా బరువు మాయమై, అతను బొమ్మలా నిలబడిపోయాడు. అదే చిత్రంలో మరొక షాట్: కెమెరా లారీ దగ్గరనుంచి కాంటా దాకా, ఎక్కడా తెగకుండా, అతని వెనకనే నడిచింది. చెక్కమీదా, చెల్లాచెదురుగా పడిన బస్తాల మధ్యా ట్రాలీ పట్టాలు ఎవరూ పరచలేరు. కెమెరా వణకలేదు కనుక అతని మోకాళ్ళు వణకటం స్పష్టంగా కనిపించింది. ఆ కుర్రవాడి చిత్రంలో నన్ను కదిలించింది ఆ ఒక్క షాటే.

మరొక చిక్కు ఉన్నది. ట్రాలీ తోసే ఇద్దరు ముగ్గురి పని ఇప్పుడు ఒకడి మణికట్టు మీద పడింది. 2025 ఆగస్టులో తెలుగు సినిమా కార్మికులు 30 శాతం వేతన పెంపు కోరుతూ హైదరాబాదులో షూటింగులు ఆపినప్పుడు, చిన్న చిత్రాలవాళ్ళలో కొందరు "మాకు ఇంతమంది అక్కర్లేదు" అనటం విన్నాను. అది స్వాతంత్ర్యమా, కూలి ఎగవేతా? డబ్బు లేని విద్యార్థిని ఈ ప్రశ్న అడగటం అన్యాయమే. అదే మాట నిర్మాతలు అన్నప్పుడు మాత్రం అడిగి తీరాలి.

ముహూర్తాలు లేని ఆషాఢంలోనూ, మూఢంలోనూ ఇక్కడ అద్దె కాస్త తగ్గుతుంది. కనుక మా చిన్న చిత్రాలు చాలావరకు వానల్లోనే తయారవుతాయి. మోటార్లకు తడి పడదు. అందుకని కెమెరావాడి పక్కన అడుగులో అడుగు వేస్తూ ఒక కుర్రవాడు గొడుగు పట్టుకు నడుస్తాడు. అతని పేరు గూడా టైటిళ్ళలో వెయ్యమని మూడు యూనిట్లకు చెప్పి చూశాను. ఒక్క యూనిట్ వేసింది.