ఎండదెబ్బేనా?

ఫిబ్రవరి ఆఖరు. ఉదయం పది కూడా కాలేదు, అప్పుడే ముక్కుల్లో ఘాటు. రోడ్డు అవతల కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా తుమ్ము వస్తోంది. గుంటూరు నుంచి పర్చూరు పోయే రోడ్డు మీద, నల్లరేగడి చేల మధ్య ఒక ఊరి హెల్త్ క్లినిక్ ఇది. బల్ల వెనక కుర్చీ నీది. నర్సింగ్ డిగ్రీ అయిపోయింది, ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ శిక్షణ నడుస్తోంది. పక్క కుర్చీలో సీనియర్ అక్క కూర్చుంది. ఇవాళ చూడటం నీ పని. నువ్వు తప్పుతుంటే ఆపడం ఆమె పని.

మొదట వచ్చింది కోత కూలీ. రెండు చేతులూ ముందుకు చాపి నిలబడింది.

"మండిపోతన్నయ్యమ్మా. ఎన్ని నీళ్లు పోసినా తగ్గట్లా."

తగ్గదు. మిరప ఘాటు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆమె అరచేతుల్లో వంటనూనె పోసి, బాగా రుద్ది, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడిగిస్తావు. వేళ్ల సందులు విడదీసి చూస్తావు. బొబ్బలు లేవు. "కళ్లు నులుముకున్నావా పెద్దమ్మా?" లేదంటుంది. పావుగంటకు ఆమె ముఖం తేటపడింది. ఇది చిన్న జబ్బే. చూశాక తేల్చిన మాట ఇది, చూడకముందు అనుకున్నది కాదు. నీ శిక్షణంతా ఈ తేడా దగ్గరే ఉంది.

ఆమె వెనకే చంటిబిడ్డతో ఇంకో తల్లి. ఈ ఊరి మనిషి కాదు. ఆదోని వైపు నుంచి సుగ్గికి వచ్చిన కుటుంబం. కోతలయ్యేదాకా చేలగట్ల మీదే కాపురం.

"దగ్గు మేడమ్. రాత్రంతా నిద్ర ల్యాదు."

టీకాల కార్డు ఊళ్లోనే ఉండిపోయింది. బిడ్డకు పద్నాలుగు నెలలంటోంది. సిరప్ సీసా నీ చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఇచ్చేస్తే ఆమె సంతోషంగా వెళ్తుంది. నువ్వు మాత్రం బిడ్డ చొక్కా పైకెత్తుతావు. గోడ గడియారం వైపు చూస్తూ ఎగిరే పొట్టను లెక్కపెడతావు. నిండా ఒక నిమిషం. అరనిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయకూడదు. ముప్పై దగ్గర బిడ్డ గుక్కపెట్టింది. మళ్లీ మొదటికి. తల్లి రొమ్మందిస్తుంది, నువ్వు ఆగుతావు, మళ్లీ మొదలుపెడతావు. ముప్పైఆరు. ఏడాది నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు నలభై, ఆపైన ఉంటే న్యుమోనియా అనుమానం. డొక్కలు లోపలికి లాగడం లేదు. పాలు తాగుతున్నాడు.

యాంటీబయాటిక్ అక్కర్లేదు. కానీ ఎప్పుడు పరుగెత్తుకు రావాలో ఆమెకు తెలియాలి. పాలు మానేస్తే, డొక్కలు ఎగరేస్తే, పిలిచినా పలకకుండా మగతగా పడి ఉంటే. ఈ మూడూ ఆమె చేత తిరిగి చెప్పిస్తావు.

"రేపు ఏ చేలో ఉంటారు?"

"పని యాడుంటే ఆడనే మేడమ్."

ఆశా కార్యకర్త నంబరు కాగితం మీద రాసిస్తావు.

ఆ పక్కనే వేలు తెగిన కుర్రాడు. గాయం మీద కాఫీపొడి అద్దుకొని వచ్చాడు. ధార కింద పొడంతా పోయేదాకా కడుగుతావు. కుట్టు పడేంత గాటు కాదు. అక్క గొంతు సవరించుకుంటుంది. అర్థమైంది. వేలి కొస కణుపు వంచమంటావు. వంగింది. కొసన తాకితే తెలుస్తోందా? తెలుస్తోంది. పైకి అర అంగుళం గాటే కనిపించి, లోపల వేలిని వంచే స్నాయువు తెగి ఉంటే, కట్టు కట్టి పంపిన కుర్రాడికి ఆ వేలు జీవితాంతం వంగదు. ధనుర్వాతం రాకుండా టీడీ ఇంజక్షన్ వేసి, కట్టు కట్టి, ఎల్లుండి రమ్మంటావు.

బయట అరుగు మీద ఎవరో అడుగుతున్నారు: "డాక్టర్ లేకుండా ఈ పిల్ల చూడటమేంటి?"

సబబైన ప్రశ్నే. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద దేశమంతా హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లు మొదలయ్యాయి. ఉపకేంద్రానికి నర్సింగ్ చదివి ఈ శిక్షణ పొందినవారిని పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లను ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) అంటారు. రాష్ట్రంలో 2,500 జనాభాకు ఒకటి లెక్కన 10,032 విలేజ్ క్లినిక్కులు తలపెట్టారు. డాక్టరే ఊరికొచ్చే ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిని 2023 ఏప్రిల్ 6న ఇక్కడికి దగ్గర్లోనే, చిలకలూరిపేట పక్క లింగంగుంట్లలో ప్రారంభించారు. డాక్టర్ వచ్చే రోజు డాక్టర్ చూస్తారు. మిగతా రోజుల్లో జబ్బు రాకుండా ఆగదు. ఆ రోజులు నీవి.

ఇవాళ బుధవారం, టీకాల రోజు. పన్నెండింటికి అక్క అంగన్‌వాడీకి వెళ్తుంది. "ఫోన్ చెయ్యి, అయిదు నిమిషాల్లో వస్తా."

పన్నెండున్నరకు ఆటో వచ్చి గుమ్మం ముందు ఆగుతుంది.

ఇద్దరు ఒక మనిషిని చంకల కింద పట్టుకుని దించుతున్నారు. నలభై ఏళ్లుంటాయి. కాళ్లు ఈడుస్తున్నాడు. గుమ్మంలోనే వాంతి.

"ఎండదెబ్బ మేడమ్. సెలైన్ పెట్టండి, లేచి కూర్చుంటాడు."

సెలైన్ స్టాండు మూలనే ఉంది. అందరూ దానివైపే చూస్తున్నారు. సీసా ఎక్కిస్తే అందరికీ నమ్మకం కుదురుతుంది.

ఆగు. మనిషిని చూడు.

ఫిబ్రవరి ఎండకే పడిపోతాడా?

నుదుటి మీద చెయ్యి వేస్తావు. ఒళ్లు కాలడం లేదు. చెమటతో ముద్దయి ఉంది. నోటి వెంట చొంగ ఆగకుండా కారుతోంది. కళ్ల వెంట నీళ్లు. మణికట్టు పట్టుకుంటావు. ఎండదెబ్బకు నాడి పరుగెత్తాలి. ఇది నెమ్మదిగా కొట్టుకుంటోంది. యాభైరెండు.

టార్చి. కనురెప్ప ఎత్తు.

కంటిపాప సూదిమొనంత.

"పొద్దున ఏం పని చేశాడన్నా?"

ఎవరూ పలకరు.

"మందు కొట్టాడా?"

"తామర పురుక్కి... మూడు ట్యాంకులు."

చొక్కా వీపున తడి. అది చెమట తడి కాదు. ట్యాంకు కారింది. 2021లో నల్ల తామర పురుగు ఈ జిల్లాల మిరపను దెబ్బతీసినప్పటి నుంచి రైతు మందు మీద మందు కొడుతూనే ఉన్నాడు. ఇతను తాగలేదు. మందు వీపు చర్మంలోంచి లోపలికి దిగింది. నరాలు కండరాలకూ గ్రంథులకూ పంపే సంకేతాన్ని ఎప్పటికప్పుడు ఆపే ఎంజైమును ఈ ఆర్గనోఫాస్ఫేట్ మందులు కట్టేస్తాయి. సంకేతం ఆగదు. చెమట, చొంగ, ఊపిరితిత్తుల్లో నీరు, ఏదీ ఆగదు. అది ముదిరితే మనిషి ఒడ్డునే మునిగిపోతాడు.

గ్లవుజులు వేసుకో. రెండు జతలు.

108కు ఫోన్. స్పీకర్‌లో పెట్టు.

కత్తెర. చొక్కా కొయ్యి. లుంగీ కూడా. సంచిలో వేసి మూతి కట్టు.

ఎడమ పక్కకు తిప్పు. నోట్లో చొంగ గుడ్డతో తుడువు. మళ్లీ తుడువు.

సబ్బు. నీళ్లు. వీపు, మెడ, చంకలు, జుట్టు.

వెనక నుంచి ఒక చెయ్యి, చేతిలో మజ్జిగ గ్లాసు.

"వద్దు! ఏమీ తాగించొద్దు!"

గ్లాసు ఆగింది. తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

వేలికి ఆక్సీమీటర్. ఎనభైతొమ్మిది.

పీహెచ్‌సీ డాక్టర్ ఫోన్ ఎత్తారు. "మందు కొట్టిన మనిషి సార్. పాపలు చిన్నవి. నాడి యాభైరెండు. చొంగ. ఎనభైతొమ్మిది." నాలుగు ముక్కలు చాలు. "ఆట్రోపిన్ సిద్ధం చేస్తాం, పంపించు."

అక్క పరుగున వచ్చింది. ఒక్క మాట అనదు. గ్లవుజులు వేసుకుని జుట్టు కడుగుతోంది.

"డబ్బా తెచ్చారా?"

"చేలో ఉంది."

"తెండి. ఇప్పుడే."

బండి మీద కుర్రాడు పోయాడు. సైరన్ వినిపిస్తోంది. స్ట్రెచర్ దిగింది. బండి కుర్రాడు వచ్చాడు. డబ్బా మీద పసుపు త్రికోణం. తీవ్ర విషం అని దానర్థం. ఎరుపుంటే అంతకన్నా ప్రమాదం. కింద చిన్న అక్షరాల్లో విరుగుడు పేరు కూడా ఉంది. డబ్బాను మరో సంచిలో కట్టి, వచ్చిన టైము, నాడి, కంటిపాప, ఆక్సిజన్ రాసిన చీటీతో కలిపి 108 టెక్నీషియన్‌కు ఇస్తావు. తలుపు పడింది.

నేల కడగాలి. చేతులు వణుకుతున్నాయి. ముందు నేల కడుగు.

సాయంత్రం పీహెచ్‌సీ నుంచి ఫోన్. అక్కడ ఆట్రోపిన్ మొదలుపెట్టి గుంటూరు జీజీహెచ్‌కు పంపారు. డోసు అయిదేసి నిమిషాలకు రెట్టింపు చేస్తూ, ఛాతీలో నెమ్ము తగ్గి ఊపిరి తేటపడేదాకా ఇచ్చారు. మనిషి మాట్లాడుతున్నాడు. అతని భార్య రేపు ఇంటికి తీసుకొచ్చేస్తామంటోంది. వద్దని గట్టిగా చెబుతావు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలూ ఊపిరి కండరాలూ సడలిపోయే ముప్పు ఉంది. బాగున్నట్టు కనిపించే రోజుల్లోనే అతను ఆస్పత్రిలో ఉండాలి.

ఆ సెలైన్ సీసా ఎక్కించి ఉంటే, అది ఖాళీ అయ్యేలోపు అతని ఊపిరి ఆగేది. అతన్ని కాచింది ఖరీదైన యంత్రం కాదు. కనురెప్ప ఎత్తి చూడాలని చేతికి అలవాటు చేసిన శిక్షణ. ఆ అలవాటు ఒకసారి నేర్పి సర్టిఫికెట్ ఇస్తే నిలవదు. పత్తికీ మిరపకూ మందు కొట్టే కాలం మొదలయ్యే ముందు, ప్రతి ఏటా, ప్రతి క్లినిక్‌లో మళ్లీ చేయించాలి. గ్లవుజులు, టార్చి, ఆక్సీమీటర్ ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలి. ఆరోగ్య శాఖ చేయగలిగిన పనే ఇది.

చేలో ఉన్నవాళ్లు చేయాల్సింది కూడా ఉంది. మందు కొట్టిన మనిషికి వాంతి, చొంగ, కళ్ల మసక వస్తే ఎండదెబ్బ అనుకోవద్దు. బట్టలు విప్పండి, సబ్బుతో కడగండి, 108కు ఫోన్ చేయండి. మందు డబ్బా వెంట తీసుకురండి.