డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి నుంచి గల్ఫ్ మెడికల్ దాకా

ఈ ఎపిసోడ్ మన నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి గురించి. ఈ పేరు చెప్పగానే ఇప్పటివాళ్లకు తెలంగాణ యూనివర్సిటీ గుర్తొస్తుంది, పెద్దవాళ్లకు గుట్ట మీది రామాలయం. కానీ వందేళ్ల కింద ఈ ఊరికి జనం ఇంకో పని మీద వచ్చేవాళ్లు. కుష్ఠు వైద్యం కోసం.

ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ, భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1907లో ఇండియాకు వచ్చింది. ఇద్దరూ మిషనరీలు. అప్పట్లో కుష్ఠు వచ్చినోళ్లను ఊరి బయట పెట్టేవాళ్లు. రాజా నర్సాగౌడ్ అనే ఇక్కడి దాత ముందుకొచ్చి సాయం చేశాడు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి మొదలైంది. తర్వాత్తర్వాత అక్కడ చాల్‌ముగ్రా జాతి గింజల నూనెతో చేసిన ఇంజెక్షన్లు ఇచ్చారు. సూదికి నొప్పి ఎక్కువ, గుణం అంతంత మాత్రం. అయినా వెలివేసిన మనిషిని పేషెంట్‌గా చూసిన చోటు అది. నా లెక్కలో అది కూడా వైద్యమే.

ఇప్పుడు డేట్లు చూడండి. కుష్ఠును నయం చేసే మల్టీ డ్రగ్ థెరపీ 1980ల్లో వచ్చింది. కానీ బిచ్చమెత్తే కుష్ఠు రోగిని వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చన్న 1898 నాటి బ్రిటిష్ చట్టం రద్దయింది 2016లో. కుష్ఠు ఉందని విడాకులు అడిగే వీలు తీసేసింది 2019లో. మందొచ్చిన ముప్పై ఏళ్లకు గానీ చట్టం మారలేదు. మనుషుల మనసుల సంగతి ఇక చెప్పేదేముంది?

సరే, ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, హెపటైటిస్ బి కథ కూడా ఇదే దారిలో నడుస్తోంది. 1997లో హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ చవకగా టీకా తెచ్చింది. 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద సర్కారు దవాఖానల్లో టెస్టులు, మందులు ఉచితం. అవసరమైనవాళ్లు రోజూ మాత్ర వేసుకుంటే వైరస్ అదుపులో ఉంటుంది. మరి భయం?

మన జిల్లాలో చాలామందికి ఈ జబ్బు సంగతి గల్ఫ్ మెడికల్‌లోనే తెలుస్తుంది. ఒంట్లో ఏ బాధా ఉండదు, కళ్లు పచ్చబడవు. కాగితం మీద మాత్రం 'అన్‌ఫిట్'. ఏజెంటుకు కట్టిన అప్పు అట్లనే ఉంటుంది. ఇంట్లో చెప్పాలా వద్దా, పెళ్లి సంబంధం వాళ్లకు తెలిస్తే ఎట్లా? కుష్ఠు కనబడే జబ్బు, దాచలేరు. ఇది కనబడదు, అందుకే దాస్తారు. దాచీ దాచీ నిద్ర పోతుంది, ఆకలి పోతుంది, దిగులు పట్టుకుంటుంది. లివర్ టెస్టులో ఇవేవీ రావు. అందుకే డాక్టర్ దగ్గర రిపోర్టుతో పాటు ఇవి కూడా చెప్పాలి.

ఒక్క మాట గట్టిగా చెప్తా. హెపటైటిస్ బి ఒకే కంచంలో తింటే రాదు, పక్కన కూర్చుంటే రాదు. రక్తం ద్వారా, శుభ్రం చేయని సూదుల ద్వారా, లైంగికంగా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. ఇంట్లో ఒకరికి పాజిటివ్ వస్తే మిగతావాళ్లు టెస్టు చేయించుకోండి, నెగెటివ్ అయితే టీకా వేయించుకోండి. కంచం మాత్రం వేరు చేయకండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.