క్యూలో వంతు: యూనిక్స్ యంత్రాలలో ట్రాఫిక్ నియంత్రణ చరిత్ర

సాంకేతిక శాస్త్ర చరిత్రను గురించి మన మిత్రులలో రెండు అభిప్రాయాలు తరచు వినిపిస్తుంటాయి. యంత్రానికి పక్షపాతం లేదు, ఎవరి చేతిలో ఉంటే వారి పని చేసిపెడుతుందని కొందరంటారు. యంత్రం పుట్టుకలోనే యజమాని ముద్ర పడి ఉంటుంది, ఇక దాన్ని పరిశీలించి ప్రయోజనమేమని మరికొందరంటారు. ఈ రెండూ తొందరపాటు తీర్మానాలే. యంత్రం లోపలికి వెళ్లి, అక్కడి ఒక్కొక్క అంకెనూ ఎవరు, ఎప్పుడు, ఏ అవసరం కొద్దీ పెట్టారో చూడనిదే ఈ వివాదం తేలదు. అట్టి పరిశీలనకు యూనిక్స్ సంతతి యంత్రాలలోని ‘ట్రాఫిక్ షేపింగ్’ చరిత్ర మంచి ఉదాహరణ. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. వరుసలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న ప్రశ్న ఇంజనీర్ల సొంత ఆస్తి కాదు కదా!

ఇంటర్నెట్‌లో సమాచారం ముక్కలు ముక్కలుగా, అంటే పాకెట్లుగా ప్రయాణం చేస్తుంది. రౌటరుకు వచ్చే పాకెట్లు ఎక్కువై, ముందున్న లైను సన్నగా ఉంటే, అవి బఫర్ అనే తాత్కాలిక జ్ఞాపకంలో క్యూ కడతాయి. క్యూ నిండిందంటే కొత్తగా వచ్చినవి నేలపాలు. ఏ పాకెట్లను ఏ వరుసలో, సెకనుకు ఎన్ని బిట్ల చొప్పున వదలాలో నిర్ణయించడమే ట్రాఫిక్ షేపింగ్. కాలువ మీది తూము చేసే పని ఇదే. తెలుగులో ‘వంతు’ అన్న మాటకు రెండర్థాలున్నాయి: వరుసలో మనకు వచ్చే తరుణం, పంపకంలో మనకు దక్కే భాగం. కాలువ నీటిని వంతులవారీగా పారించుకునే రైతుకు ఈ రెండూ ఒకటే. పాకెట్ల విషయంలోనూ ఒకటేనని గ్రహించడానికి ఇంజనీర్లకు కొంతకాలం పట్టింది.

మొదట గ్రహించినవారిలో జాన్ నేగిల్ ఒకడు. ఫోర్డ్ ఏరోస్పేస్ సంస్థలో పనిచేస్తూ 1984 జనవరిలో అతను ఒక హెచ్చరిక ప్రకటించాడు: పంపినది అందలేదనుకుని ప్రతి యంత్రమూ మళ్లీ మళ్లీ పంపుతూ పోతే, ఒకే పాకెట్‌కు అనేక ప్రతులు తయారై, లైను నిండా రద్దీ ఉండి కూడా ఉపయోగపడే పని జరగదు. 1985 డిసెంబరులో రాసిన మరొక వ్యాసంలో అతను విచిత్రమైన ప్రశ్న వేసుకున్నాడు. రౌటరుకు అంతులేని బఫర్ ఇస్తే ఈ సమస్య తీరుతుందా? తీరదని అతని జవాబు. క్యూ అంతు లేకుండా పెరిగితే, పాకెట్ తన ఆయుష్షు తీరేదాకా క్యూలోనే నిలబడి, బయటికి వచ్చేసరికి పనికిరానిదవుతుంది. పావు శతాబ్దం తరువాత ఇంటింటా అనుభవానికి వచ్చిన మాట ఇది.

ఆ వ్యాసంలో నేగిల్ ‘ఉమ్మడి ఆస్తి విషాదం’ అన్న వాదాన్ని ప్రస్తావించాడు. గారెట్ హార్డిన్ 1968లో ప్రచారంలోకి తెచ్చిన వాదం అది. ఉమ్మడి బీడులో ప్రతివాడూ తన పశువులను పెంచుకుంటూ పోతే బీడు నాశనమవుతుందంటుంది. ఈ మాట ఎత్తుకున్నవారు చాలామంది చివరికి బీడుకు కంచె వేసి ఎవరికో ఒకరికి అప్పగించాలనే తేలుస్తారు. నేగిల్ దారి వేరు. పాకెట్లు పంపే ప్రతి యంత్రానికీ రౌటరులో విడివిడిగా ఒక క్యూ పెట్టి, వాటి నుంచి ఒక్కొక్క పాకెట్‌ను వంతులవారీగా తీయమన్నాడు. ఎక్కువ పంపినవాడి క్యూ మాత్రమే పొడవవుతుంది. వాడి దురాశకు వాడే వేచి ఉంటాడు. కంచె లేకుండానే బీడు నిలుస్తుంది. ఆర్థికశాస్త్రం చదివే విద్యార్థులు ఈ చిన్న వ్యాసాన్ని ఒకసారి చూడటం మంచిది.

హెచ్చరిక నిజం కావడానికి ఎంతో కాలం పట్టలేదు. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్లీ ప్రయోగశాలకూ, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ ఆవరణకూ మధ్య సమాచార వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. ఆ రెంటికీ మధ్య దూరం 400 గజాలు! 40 బిట్లంటే రోమన్ లిపిలో సెకనుకు 5 అక్షరాలు. కాగితం మీద రాసుకుని నడిచి వెళ్లి ఇచ్చివస్తే అంతకంటె త్వరగా అందేది. ప్రయోగశాలలోని వాన్ జేకబ్సన్, విశ్వవిద్యాలయంలోని మైకేల్ కారెల్స్ కలిసి కారణాన్ని వెదికారు. పంపే యంత్రాలకు ఓపిక నేర్పడమే వారు కనుగొన్న మందు. మొదట నెమ్మదిగా మొదలుపెట్టాలి, అందినట్లు కబురు వచ్చినకొద్దీ పెంచాలి, పాకెట్ పోయిందంటే దారి రద్దీగా ఉందని గ్రహించి వెనక్కి తగ్గాలి. 1988లో ఈ పద్ధతులు బర్క్లీ యూనిక్స్‌లో విడుదలయ్యాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించవలసి ఉంది. ఈ పనికి డబ్బు చాలావరకు అమెరికా ప్రభుత్వానిదే. బర్క్లీ యూనిక్స్‌కు పెట్టుబడి పెట్టింది ఆ దేశపు రక్షణశాఖ. పని జరిగిన చోటు మాత్రం విద్యాసంస్థలు. 1989లో బర్క్లీ వారు తమ నెట్‌వర్క్ భాగాన్ని విడదీసి, ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చని బయటపెట్టారు. 1992లో ఎటి అండ్ టి అనుబంధ సంస్థ దావా వేసింది; 1994లో రాజీ కుదిరింది. ఈ మధ్యలో, 1993లో, ఫ్రీబిఎస్‌డి పుట్టింది. సైన్యపు ధనంతో మొదలైన పని, వ్యాపార సంస్థ కోర్టుకు లాగినా, బహిరంగంగానే మిగిలింది. దీన్ని ‘యజమాని ముద్ర’ అన్న ఒక్క మాటతో వివరించగలమా?

ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయంలో లుయీజి రిజ్జో అనే అధ్యాపకుడు 1997లో ‘డమ్మీనెట్’ అనే పనిముట్టును ప్రకటించాడు. అతని అవసరం ప్రయోగశాలకు సంబంధించింది. నెమ్మదైన లైను, దూరపు లైను, పాకెట్లు పారేసే లైను ఎలా ప్రవర్తిస్తాయో తన బల్ల మీది యంత్రంలోనే అనుకరించి చూడాలి. అందుకోసం కెర్నెల్‌లో ‘గొట్టాలు’ పెట్టాడు. ఒక్కొక్క గొట్టానికి ఇంత వేగం, ఇంత ఆలస్యం, ఇంత క్యూ అని నిర్ణయించవచ్చు. 1998లో ఇది ఫ్రీబిఎస్‌డిలో చేరింది. ఒకే లైనును వందలాది ఇళ్లకు పంచి అమ్మే సంస్థలకు ఇటువంటి గొట్టమే కావాలి. లేని కొరతను ప్రయోగం కోసం సృష్టించే పనిముట్టు, ఉన్న కొరతను కొలిచి అమ్మే తూముగా మారింది.

బరువు పెరిగేసరికి యంత్రం మొరాయించింది. ట్యూనింగ్ అవసరం అప్పుడే వచ్చింది. డమ్మీనెట్ పాకెట్లను వదిలేది కెర్నెల్ గడియారం టిక్కుమన్నప్పుడు. ఆ రోజులలో ఆ గడియారం సెకనుకు 100 సార్లు కొట్టేది. సెకనుకు 10 కోట్ల బిట్ల గొట్టం మీద ఒక్క టిక్కుకు 10 లక్షల బిట్లు, అనగా 1500 బైట్ల పాకెట్లు 83 ఒక్క గుంపుగా వదలాలి. డమ్మీనెట్ క్యూకు మొదటినుంచీ ఉన్న పొడవేమో 50 పాకెట్లు! క్యూ టిక్కుటిక్కుకూ నిండి ఖాళీ అయ్యే స్థితిలో, లెక్క ప్రకారం 10 కోట్లకు బదులు 6 కోట్ల బిట్లే దాటుతాయి, తక్కినవి పారబోతే. ‘లైను చాలడం లేదు’ అని అక్కడ ఎవరైనా అంటే అది అబద్ధం. చాలనిది లైను కాదు, గడియారమూ, ఒక అంకె. గడియారాన్ని 1000కి పెంచితే ఒక్కొక్క టిక్కుకు 8 పాకెట్లే వస్తాయి, ప్రవాహం సాఫీ అవుతుంది. ప్రాసెసర్ మాత్రం సెకనుకు వెయ్యిసార్లు పని ఆపి గడియారం చూసుకోవలసి వస్తుంది. పాత యంత్రాలకు అదీ భారమే.

క్యూ పొడవు సంగతి ఇంకా ఆసక్తికరం. వేగమైన లైను మీద చాలని ఆ 50 పాకెట్లే, సెకనుకు 30,000 బిట్ల గొట్టం మీద 20 సెకన్ల ఆలస్యం. అంకె ఒకటే, ఒకచోట కరువు, మరొకచోట ముంపు. ఇక నియమాల పట్టిక ఉంది. ప్రతి పాకెట్‌నూ కెర్నెల్ పైనుంచి కిందికి ఒక్కొక్క నియమంతో పోల్చి చూస్తుంది. వెయ్యిమంది చందాదారులకు వెయ్యి నియమాలు రాస్తే, చివరివాడి పాకెట్ వెయ్యి మెట్లు దిగాలి. కాలువ చివరి ఆయకట్టు రైతు గతి ఎటువంటిదో ఇతని గతీ అటువంటిదే. తెలిసినవారు ఒకే నియమం రాసి, ప్రతి చిరునామాకూ దానంతటదే ఒక క్యూ పుట్టేటట్లు చేసేవారు. ఆ క్యూలను వెదికే పట్టికలో మొదటినుంచీ ఉండే గదులు 64 మాత్రమే. వెయ్యిమంది వస్తే గదికి సుమారు పదహారుగురు. కనుక ఆ అంకెనూ పెంచవలసి వచ్చేది. ఇవన్నీ మాన్యువల్‌లో ఉన్నాయి, మూలం బహిరంగంగా ఉంది. చదవగలిగినవాడు తప్పు పట్టుకోగలడు, దిద్దగలడు. నా దృష్టిలో ఈ చరిత్రకంతటికీ కీలకం ఇదే.

నియమం దాగినచోట ఏమవుతుందో 2007లో అమెరికాలో తెలిసింది. కామ్‌కాస్ట్ అనే పెద్ద సంస్థ, తన చందాదారులు బిట్‌టొరెంట్ పద్ధతిలో దస్తావేజులు పంచుకుంటుంటే, అవతలివారే సంబంధం తెంచుకున్నట్లు దొంగ పాకెట్లు సృష్టించి నడుమ దూర్చేది. క్యూలో నిలబెట్టడం కాదిది. క్యూలో ఉన్నవాడి పేరిట రాజీనామా పత్రం రాయడం. ఒక చందాదారు తనంత తాను పరీక్షలు చేసి దీన్ని బయటపెట్టాడు. అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ పరీక్షలు ధ్రువపరిచాయి. 2008 ఆగస్టులో సమాచార సంఘం దీన్ని ఆపమని ఆదేశించింది. సంఘానికి ఆ అధికారం లేదని 2010 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. అయినా ఈలోగా గొడవ పని చేయనే చేసింది. సంస్థ పాత పద్ధతి మాని, ఏ రకం సమాచారమని చూడకుండా రద్దీ వేళ అతిగా వాడేవారిని కాసేపు వెనక్కి నెట్టే పద్ధతికి మారింది. 2010 డిసెంబరులో దాని వివరాలు ఇంటర్నెట్ ప్రమాణ పత్రాలలో అచ్చయ్యాయి. చట్టం ఓడినా నియమం వెలుగులోకి వచ్చింది.

సరిగ్గా ఆ కాలంలోనే నేగిల్ పాత ప్రశ్న మళ్లీ తలెత్తింది. జ్ఞాపకం చవకైంది, తయారీదారులు ప్రతి మోడెమ్‌లోనూ, రౌటరులోనూ బఫర్లు గుమ్మరించారు. క్యూలు సెకన్ల పొడవయ్యాయి. 2010లో జిమ్ గెటిస్ తన ఇంటి లైనులోనే దీన్ని గుర్తించి ‘బఫర్‌బ్లోట్’ అని పేరు పెట్టాడు, బఫర్ ఉబ్బురోగమనవచ్చు. దీనికి ఒక మందు 1993లోనే ఉంది. శాలీ ఫ్లాయిడ్, జేకబ్సన్‌లు క్యూ నిండకముందే కొన్ని పాకెట్లను పారేసి, పంపేవారిని హెచ్చరించే పద్ధతి చెప్పారు. కాని దానికి అంకెలు సరిగా సర్దడం కష్టం. చాలామంది దాన్ని వాడనేలేదు. 2012లో కేథలీన్ నికొల్స్, జేకబ్సన్‌లు కొలతనే మార్చారు. క్యూ ఎంత పొడవని కాక, పాకెట్ ఎంతసేపు నిలబడిందని అడిగారు. ఆ నిరీక్షణ 100 మిల్లీసెకన్ల పాటు 5 మిల్లీసెకన్లకు తగ్గకపోతే పారేయడం మొదలు. అదే ఏడాది లినక్స్‌లో ఈ కొలతను నేగిల్ వంతుల పద్ధతితో జతచేశారు. 2016లో ఆస్ట్రేలియాలోని స్విన్‌బర్న్ విశ్వవిద్యాలయం వారి కృషితో డమ్మీనెట్‌లోకీ వచ్చింది. రేషన్ క్యూలో నిలబడి ఎరిగినవారికి ఇందులో వింత లేదు. ముందు ఎంతమంది ఉన్నారని కాదు, ఎన్ని గంటలని కదా వారు లెక్కపెట్టేది!

మన దేశంలో ఈ సమస్య మొదట వచ్చింది క్యూ రూపంలో కాదు, ధర రూపంలో. వెనక్కి నెట్టడానికి బదులు కొన్నింటిని ఉచితం చేస్తే తక్కినవి వాటంతటవే వెనకబడతాయి. ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి 2015 ఫిబ్రవరిలో ఇట్టి పథకాన్ని ప్రారంభించిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు కూడా ఉన్నాయి. దేశమంతటా వాదప్రతివాదాలు సాగాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఇటువంటి వివక్ష ధరలను నిషేధించింది. క్యూ మాట 2017 నవంబరు సిఫార్సులలో వచ్చింది. 2018 జులైలో ప్రభుత్వం వాటిని ఆమోదించింది. ఫలానా రకం సమాచారాన్ని ఆపడం, నెమ్మదింపజేయడం కూడదన్నారు. ‘సహేతుకమైన ట్రాఫిక్ నిర్వహణ’కు మాత్రం అనుమతి ఉంది, అది అవసరానికి తగినంతగా, తాత్కాలికంగా, పారదర్శకంగా ఉండాలట. 5 మిల్లీసెకన్లు సహేతుకమా, 20 సెకన్లు సహేతుకమా అన్నది కొలిస్తేనే తేలుతుంది. కొలిచే పనిముట్లు పీసాలోనూ, మెల్‌బోర్న్‌లోనూ అధ్యాపకులు, విద్యార్థులు తయారుచేసి అందరి ముందూ పెట్టే ఉన్నారు; మన కళాశాలల ప్రయోగశాలల్లోని పాత యంత్రాల మీద కూడా అవి నడుస్తాయి.