ఒలివియే మెస్సియాన్

ఒలివియే మెస్సియాన్ (1908 డిసెంబరు 10 – 1992 ఏప్రిల్ 27) ఫ్రాన్సుకు చెందిన శాస్త్రీయ సంగీత స్వరకర్త, ఆర్గాన్ విద్వాంసుడు, సంగీతాచార్యుడు. తన రచనలకు కాథలిక్ విశ్వాసమే మూలమని ఆయన జీవితాంతం చెప్పుకున్నాడు. అయినా చర్చి ఆరాధనలో పాడుకోవడానికి రాసినవి చాలా కొద్ది. ముఖ్య రచనల్లో ఎక్కువ భాగం మాటలు లేని వాద్యసంగీతమే. దేవుడు కాలానికి అతీతుడన్న నమ్మకాన్ని బోధించడం కన్నా, లయలోనూ స్వరాల కూర్పులోనూ వినిపించాలన్నది ఆయన పట్టుదల.

తొలి జీవితం

మెస్సియాన్ దక్షిణ ఫ్రాన్సులోని అవిన్యోన్‌లో జన్మించాడు. తండ్రి పియేర్ ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, షేక్‌స్పియర్‌ను ఫ్రెంచిలోకి అనువదించాడు. తల్లి సెసిల్ సోవాజ్ కవయిత్రి. కడుపులో ఉన్న బిడ్డ గురించి ఆమె రాసిన కవితలు పుస్తకంగా వచ్చాయి. 1919లో పారిస్ కన్సర్వేటరీలో చేరిన మెస్సియాన్, పాల్ ద్యూకా వద్ద స్వరరచన, మార్సెల్ ద్యూప్రే వద్ద ఆర్గాన్ నేర్చుకున్నాడు. 1931లో పారిస్‌లోని హోలీ ట్రినిటీ చర్చికి ఆర్గానిస్టు అయ్యాడు. ఆ కొలువులో చనిపోయేదాకా, అరవై ఏళ్లకు పైగా కొనసాగాడు. క్రీస్తు జననంపై తొమ్మిది ధ్యానాలుగా 1935లో కూర్చిన ఆర్గాన్ రచనతో ఆయనకంటూ ఒక శైలి స్థిరపడింది.

యుద్ధఖైదీల శిబిరంలో

రెండో ప్రపంచ యుద్ధంలో 1940లో జర్మన్లకు చిక్కి, గోర్లిట్జ్ దగ్గరి స్టాలాగ్ 8-ఎ శిబిరానికి చేరాడు. ఆ స్థలం ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తోటి ఖైదీల్లో హెన్రీ అకోకా క్లారినెట్, ఎటియెన్ పాస్కియే చెల్లో, జాన్ ల బులేర్ వయొలిన్ వాయించేవారు. కార్ల్ ఆల్బర్ట్ బ్రూల్ అనే జర్మన్ అధికారి కాగితాలు, పెన్సిళ్లు సమకూర్చాడు. ఈ ముగ్గురితో పాటు పియానో దగ్గర తానూ కూర్చునేలా మెస్సియాన్ ‘కాలాంతపు చతుష్టయం’ రాశాడు. 1941 జనవరి 15న, గడ్డకట్టే చలిలో, శిబిరంలోని ఒక బరాకులో దీన్ని తొలిసారి వాయించారు. శ్రోతలు అయిదు వేల మందని మెస్సియాన్ తర్వాత చెప్పేవాడు కానీ, ఆ బరాకులో పట్టేది కొన్ని వందల మందే.

బైబిల్లోని ప్రకటన గ్రంథం పదో అధ్యాయంలో, ఇక కాలముండదని ప్రకటించే దేవదూత ఈ రచనకు ప్రేరణ. ఇందులో ఎనిమిది భాగాలున్నాయి. సృష్టికి ఆరు రోజులు, విశ్రాంతికి ఏడోది, ఆ విశ్రాంతి అనంతంలోకి సాగితే ఎనిమిదోది అని మెస్సియాన్ వివరించాడు.

లయ, స్వరం

మెస్సియాన్ లయజ్ఞానానికి ఒక ఆధారం భారతదేశానిది. పదమూడో శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆస్థానంలో ఉన్న శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’లో చెప్పిన 120 దేశీ తాళాల పట్టిక ఆయనకు ఒక ఫ్రెంచి సంగీత విజ్ఞాన సర్వస్వంలో దొరికింది. తెలుగువారికి ఈ గ్రంథంతో పాత బంధమే ఉంది. రాచకొండ నేలిన రేచర్ల సింగభూపాలుడు దీనికి ‘సంగీత సుధాకరం’ అనే వ్యాఖ్య రాసినట్టు ప్రసిద్ధి.

చతుష్టయం మొదటి భాగంలో పియానో లయ రాగవర్ధన, చంద్రకళ, లక్ష్మీశ తాళాల నుంచి అల్లినదే. అందులో 17 కాలప్రమాణాల వరుస ఒకటి, 29 స్వరసంపుటుల వరుస ఒకటి పక్కపక్కనే తిరుగుతుంటాయి. రెండూ ప్రధాన సంఖ్యలే కాబట్టి, అవి మళ్లీ మొదట్లో కలుసుకోవాలంటే 493 స్వరసంపుటులు గడవాలి. ఆ కలయికకు చాలా ముందే భాగం ముగిసిపోతుంది. తాళం వేసే చేతికి ‘సమం’ ఎక్కడా అందదు. అంతులేనితనాన్ని వర్ణించకుండానే వినిపించే ఉపాయమిది.

ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ‘వికటకవి’ మారనట్టే, ఎటు నుంచి వాయించినా మారని లయలను కూడా ఆయన విరివిగా వాడాడు. స్వరాల్లోనూ ఇదే పద్ధతి. మామూలు మేళాన్ని పన్నెండు స్వరస్థానాలకూ మార్చితే పన్నెండు వేర్వేరు రూపాలు వస్తాయి. మెస్సియాన్ వర్గీకరించిన ఏడు మేళాలు మాత్రం కొద్ది మార్పులకే మొదటి రూపానికి తిరిగొస్తాయి. మొదటిదానికి రెండే రూపాలు, రెండోదానికి మూడు. 1944లో తన సంగీత పద్ధతిపై రాసిన పుస్తకంలో వీటిని వివరించాడు. స్వరాలు వింటే తన మనసుకు రంగులు కనిపిస్తాయని కూడా చెప్పేవాడు.

పక్షులు, పెద్ద రచనలు

పక్షులను మెస్సియాన్ గొప్ప సంగీతజ్ఞులుగా భావించాడు. పొలాల్లో, అడవుల్లో తిరుగుతూ వాటి కూతలను స్వరాల్లో రాసుకున్నాడు. 1956–58 మధ్య కూర్చిన ‘పక్షుల పట్టిక’ పదమూడు పియానో రచనల సంపుటి. 1944 నాటి ‘బాలయేసుపై ఇరవై చూపులు’, సంస్కృత నామంతో వెలువడి 1949లో బోస్టన్‌లో లియొనార్డ్ బెర్న్‌స్టైన్ నిర్వహణలో తొలిసారి వినిపించిన ‘తురంగలీల’ సింఫనీ ఆయన పేరును ప్రపంచానికి చేర్చాయి. అసిసి పట్టణపు సెయింట్ ఫ్రాన్సిస్ జీవితంపై రాసిన ఏకైక ఒపెరా 1983లో పారిస్‌లో ప్రదర్శితమైంది. పూర్తి చేసిన ఆఖరి వాద్యబృంద రచనను ఆయన మరణించిన కొద్ది నెలలకు, 1992 నవంబరులో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో జుబిన్ మెహతా వినిపించాడు.

విమర్శ, ప్రభావం

రచనలకు ఆయన జోడించే భక్తి వ్యాఖ్యానాలు అందరికీ రుచించలేదు. 1945లో పారిస్ పత్రికల్లో దీనిపై పెద్ద వివాదమే నడిచింది. సంగీతం కన్నా ఆ మాటలే ఎక్కువ దుమారం రేపాయి.

1941 నుంచి పారిస్ కన్సర్వేటరీలో పాఠాలు చెప్పాడు. స్వరకర్తలు పియేర్ బూలే, స్టాక్‌హౌసెన్, జెనాకిస్ ఆయన వద్ద చదువుకున్నారు. పియానో విద్వాంసురాలు ఇవోన్ లోరియో కూడా శిష్యురాలే, మొదటి భార్య క్లేర్ దెల్బోస్ మరణానంతరం 1961లో ఆమెను వివాహమాడాడు. శిష్యులపై ఆయన తన విశ్వాసాన్ని రుద్దలేదు. దైవాన్ని ధ్యానించడానికి గురువు కనిపెట్టిన లయపద్ధతులను, మతంతో నిమిత్తం లేని బూలే వంటివారు పూర్తిగా వేరే సంగీతానికి వాడుకున్నారు. యుద్ధానంతర ఐరోపా సంగీతంలో మెస్సియాన్ ముద్ర ఎక్కువగా నిలిచింది ఆ దారిలోనే.