ఉబుంటులో పాత టెసరాక్ట్‌ని కదపకుండా కొత్తది పెట్టుకోవడం ఎలా?

కాకినాడ: 1946లో మొదలైన ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ 2008లో జేఎన్‌టీయూ కాకినాడగా యూనివర్సిటీ అయిన ఊరిది. ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇంట్లో లినక్స్ ల్యాప్‌టాప్ కొత్తేమీ కాదు. అదే ఇంట్లో దాదా బీరువాలో దాచిన ఉర్దూ పుస్తకాలు, తెలుగులో అచ్చయిన పాత కాగితాలు కూడా ఉంటాయి. వాటిని స్కాన్ చేశాక బొమ్మలోని అక్షరాలను టైప్ చేసిన అక్షరాలుగా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ టెసరాక్ట్. ఇది 1980లలో హెచ్‌పీ కంపెనీలో పుట్టింది. 2005లో దీని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. తెలుగు, ఉర్దూ రెండూ దీనికి వచ్చు.

ఎందుకు కంపైల్ చేయాలి?

టెసరాక్ట్ 5 నవంబర్ 2021లో విడుదలైంది. కానీ ఉబుంటు 22.04తో వచ్చే ప్యాకేజీ 4.1.1 దగ్గరే ఉంది. కొత్తది కావాలంటే సోర్స్ కోడ్ తెచ్చి సొంతంగా కంపైల్ చేసుకోవడం ఒక దారి. ఉబుంటు 24.04లో 5వ వెర్షనే వస్తుంది కాబట్టి వాళ్లకు ఈ శ్రమ అక్కర్లేదు. ముందు మీ వెర్షన్ ఏదో చూసుకోండి.

ఎక్కడ పెట్టాలి?

ఉబుంటు ప్యాకేజీలు /యూఎస్ఆర్ ఫోల్డర్‌లో ఉంటాయి. అక్కడి లెక్క అంతా ప్యాకేజీ మేనేజర్‌ది. దానికి చెప్పకుండా ఆ ఫైళ్ల మీద మన ఫైళ్లు పెడితే తర్వాతి అప్‌డేట్ వాటిని చెరిపేయవచ్చు. పాత టెసరాక్ట్‌ని తీసేసినా చిక్కే. ఓసీఆర్‌మైపీడీఎఫ్ లాంటి ప్రోగ్రాములు దాని మీద ఆధారపడతాయి, వాటినీ తీసేయాల్సి వస్తుంది. మనం చేసుకున్న వాటికి కేటాయించిన చోటు /యూఎస్ఆర్/లోకల్. ఒకే ఇంట్లో వేరు కాపురం లాంటిది: పొయ్యిలు రెండు, గొడవ లేదు.

పద్ధతి

ముందుగా ఏపీటీతో బిల్డ్-ఎసెన్షియల్, ఆటోకాన్ఫ్, ఆటోమేక్, లిబ్‌టూల్, పీకేజీ-కాన్ఫిగ్, లిబ్‌లెప్టోనికా-డెవ్ తెచ్చుకోవాలి. లెప్టోనికాను కూడా కంపైల్ చేయాల్సిన పని లేదు, ఉబుంటు ఇచ్చేదే సరిపోతుంది. తర్వాత సోర్స్ ఫోల్డర్‌లో వరుసగా ఆటోజెన్, కాన్ఫిగర్, మేక్ నడపాలి. ఈ మూడూ మామూలు యూజర్‌గానే చేయాలి. చివర్లో మేక్ ఇన్‌స్టాల్, ఎల్‌డీకాన్ఫిగ్ మాత్రం సుడోతో. కాన్ఫిగర్‌లో ప్రిఫిక్స్ ఏమీ ఇవ్వకపోతే ఫైళ్లు /యూఎస్ఆర్/లోకల్‌లోకే వెళ్తాయి. ప్రిఫిక్స్‌గా /యూఎస్ఆర్ ఎప్పుడూ ఇవ్వొద్దు. ఎల్‌డీకాన్ఫిగ్ మర్చిపోతే లైబ్రరీ దొరకలేదని ఎర్రర్ వస్తుంది.

భాష ఫైళ్లు

ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. కొత్త టెసరాక్ట్ భాష ఫైళ్లను పాత చోట వెతకదు, /యూఎస్ఆర్/లోకల్/షేర్/టెస్‌డేటాలో చూస్తుంది. తెలుగు, ఉర్దూ ట్రెయిన్డ్‌డేటా ఫైళ్లు రెండూ అక్కడ పెట్టాలి. వేరే చోట ఉంచితే టెస్‌డేటా ప్రిఫిక్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఆ ఫోల్డర్ దారి ఇవ్వాలి.

ఏది నడుస్తోంది?

ఉబుంటు ముందు /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో, తర్వాత /యూఎస్ఆర్/బిన్‌లో వెతుకుతుంది. అందుకే పేరు కొడితే కొత్తదే నడుస్తుంది. పాతది కావాలంటే పూర్తి దారి రాస్తే చాలు. ఇన్‌స్టాల్ అయ్యాక కూడా పాత వెర్షనే కనిపిస్తే టెర్మినల్ మూసి మళ్లీ తెరవండి.

తీసేయాలంటే

సోర్స్ ఫోల్డర్‌ని పారేయొద్దు. అందులోంచే మేక్ అన్‌ఇన్‌స్టాల్ నడపాలి. ముందుజాగ్రత్త కావాలనుకునే వాళ్లు మొదట్లోనే ప్రిఫిక్స్‌గా /ఆప్ట్‌లో ఒక ఫోల్డర్ ఇవ్వొచ్చు. అప్పుడు వద్దనుకున్న రోజు ఆ ఒక్క ఫోల్డర్ తీసేస్తే సరి. కాకపోతే పేరు కొడితే నడవాలంటే దాని దారిని పాత్‌లో చేర్చుకోవాలి.

గుర్తుంచుకోవాల్సినవి

సొంతంగా కంపైల్ చేసిన దానికి ఉబుంటు సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. కొత్త వెర్షన్ వచ్చిందేమో చూసుకునే బాధ్యత ఇక మీదే. టెసరాక్ట్ అచ్చు అక్షరాల కోసం చేసింది, చేతిరాత ఖత్‌లకు పనికి రాదు. నస్తాలీఖ్‌లో ఉన్న పాత ఉర్దూ పుస్తకాల్లో తప్పులు ఎక్కువ వస్తాయి. 300 డీపీఐలో స్కాన్ చేసి, వచ్చిన పాఠాన్ని ఉర్దూ చదవగల పెద్దవాళ్లతో ఒకసారి సరిచూయించాలి. అసలు కాగితాన్ని మాత్రం భద్రంగా దాచండి.