పోతుటీఁగ జన్మరహస్యము

తేనెపట్టునందు మూఁడు తెగల యీఁగలు గలవు: రాణి, కూలియీఁగలు, పోతుటీఁగలు. మొదటి రెండింటిని లోకము చాలఁ బ్రశంసించినది. మూఁడవదానికి దక్కినది తఱచుగా నిందయే. అది తేనె తేదు, మైనము పుట్టింపదు, పెరఁ గట్టదు, కొండి లేమిచేఁ బట్టును గాపాడలేదు. ఒరులు తెచ్చినదానిఁ దిని పొద్దు పుచ్చును. ఇంగ్లీషున దీని పేరైన డ్రోను శబ్దమునకు సోమరి యను నర్థము గూడ రూఢమయినది. ఇట్టి యల్పజీవి యెట్లు పుట్టుచున్నదో నిశ్చయించుటకు మానవునకు రెండువేల యేండ్లకుఁ బైగాఁ బట్టినది. ఆ చరిత్రము శాస్త్రవిచారణపద్ధతికిఁ జక్కని నిదర్శనము గావున నిచట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

గ్రీకు తత్త్వవేత్త యగు నరిస్టాటిల్ (క్రీ. పూ. 384-322) జంతువుల యుత్పత్తినిగూర్చిన తన గ్రంథమున నీ ప్రశ్నను విచారించెను. పట్టు నేలునది రాజని యాతని కాలపు వాడుక. ఆతని తర్కక్రమ మిట్టిది: కొండి యాయుధము, ప్రకృతి స్త్రీజాతికి నాయుధ మొసఁగదు, కావునఁ గూలియీఁగలు స్త్రీలు గావు. శిశుపోషణము పురుషజాతి ధర్మము గాదు. కావున నవి పురుషులును గావు. దీనినుండి యాతఁడు, రాజులు తమవంటి రాజులను, గూలియీఁగలను గూడఁ గను ననియు, కూలియీఁగలు సంగమము లేకయే పోతుటీఁగలఁ గను ననియు సిద్ధాంతము చేసెను. రాణి లేని పట్టునఁ గూలియీఁగలు పెట్టు గ్రుడ్లనుండి పోతుటీఁగలే పుట్టుట సత్యమే కాని, తక్కిన భవనమంతయు నిసుకపైఁ గట్టినదే. అయినను జివర నాతఁడు చేర్చిన హెచ్చరిక శ్లాఘ్యము. ఈ విషయ మింకను దగినట్లు పరిశీలింపఁబడలేదనియు, పరిశీలింపఁబడిననాఁడు వాదముకంటెఁ బ్రత్యక్షమునే నమ్మవలయు ననియు నాతఁడు చెప్పెను. తరువాతివారు చాలకాల మాతని సిద్ధాంతమును బట్టుకొని, హెచ్చరికను విడిచిరి.

క్రీ. శ. 1586 లో స్పెయిను దేశీయుఁడగు లూయిస్ మెండెజ్ దె టోరెస్, రాజనఁబడునది గ్రుడ్లు పెట్టు స్త్రీయే యని ప్రకటించెను. 1609 లో నింగ్లండున ఛార్లెస్ బట్లరు తన గ్రంథమునకు 'స్త్రీప్రభుత్వ' మను నర్థమిచ్చు పేరే పెట్టి, పోతుటీఁగలు పురుషులని వాదించెను. హాలండు దేశపు జాన్ స్వామర్‌డామ్ (1637-1680) సూక్ష్మదర్శినితో రాణియం దండకోశములను, బోతుటీఁగయందు వృషణములను గనుఁగొనెను. ఆతని పరిశోధనములు మరణానంతరము 1737-38 సంవత్సరములలో వెలువడినవి. కాని సంగమమును జూడఁజాలక, పోతుటీఁగల వాసనచేతనే రాణి గర్భము దాల్చు నని యాతఁ డూహించెను. కన్నులతోఁ జూచినంతవఱకు నాతని మాట నిలిచినది. ఊహించిన భాగము నిలువలేదు.

ఆస్ట్రియా రాజధాని వియన్నాలోఁ దేనెటీఁగల పెంపకము బోధించిన ఆంటన్ యాన్షా, రాణి పట్టు వెలుపల సంగమించు నని 1771 లోఁ బ్రకటించెను. జెనీవావాసి ఫ్రాన్స్వా హ్యూబరు (1750-1831) దీనిఁ బరీక్షలచే స్థిరపఱచెను. హ్యూబ రంధుఁడు. ఆతని సేవకుఁ డగు బర్నెన్సు చూచి చెప్పఁగా, ఆతఁడు ప్రశ్నించి నిర్ణయించుచుండెను. పోతుటీఁగల నడుమ పట్టులోనే నిర్బంధింపఁబడిన రాణి గొడ్రాలుగనే యుండెను. వెలుపలి కెగిరిపోయి వచ్చిన రాణి సంగమచిహ్నముతో మరలివచ్చెను. దీనితో వాసనవాదము పడిపోయెను. అయితే, ఇరువది దినములకుఁ బైగా నాలస్యముచేసిన రాణి పోతుటీఁగలనే కనుటకుఁ గారణ మాతనికిఁ దోఁపలేదు. 1792 లోఁ బ్రకటించిన గ్రంథమున దీనిఁ దీఱని చిక్కుగనే విడిచెను.

ఈ ముడి విప్పినవాఁడు సైలీషియా ప్రాంతపుఁ బురోహితుఁడు యోహాన్ జీర్జోను (1811-1906). రాణి శుక్రమును దన కోశమున దాఁచుకొనుననియు, శుక్రము చేరిన గ్రుడ్డు స్త్రీజాతి యగుననియు, చేరని గ్రుడ్డు పోతుటీఁగ యగుననియు నాతఁడు 1845 లోఁ బ్రకటించెను. పసుపుపచ్చని యిటలీ రాణికి నల్లని జర్మనీ పోతుటీఁగలతో సంగమము గలిగినపుడు, కూలియీఁగలు మిశ్రవర్ణములై పుట్టఁగా, పోతుటీఁగలు మాత్రము తల్లివర్ణముననే పుట్టుట దీనికి సాక్ష్యము. పండితు లనేకు లాక్షేపించిరి. ఫాన్ సీబోల్డు సూక్ష్మదర్శినితో గ్రుడ్లను బరీక్షించి, కూలియీఁగల గ్రుడ్లలో శుక్రకణములు గలవనియు, పోతుటీఁగల గ్రుడ్లలో లేవనియు 1856 లోఁ జాటెను.

నేఁడు తెలిసిన జీవితక్రమ మిది. ఐరోపా తేనెటీఁగలో రాణి 16 దినములకు, కూలియీఁగ 21 దినములకు, పోతుటీఁగ 24 దినములకు గది వెడలును. మన దేశపుఁ దొఱ్ఱలలోఁ బట్టు పెట్టు తేనెటీఁగయందు, పోతుటీఁగ గది మూఁతనడుమ నొక సన్నని రంధ్ర ముండుటచే దాని నానవాలు పట్టవచ్చును. పెద్ద కన్నులు గల పోతుటీఁగలు ఎదిగినపిమ్మట మధ్యాహ్నములం దెగిరిపోయి, పలుపట్టులనుండి వచ్చినవానితో నాకాశమున నొకచోఁ గూడును. రాణి పలు పోతుటీఁగలతో సంగమించును. సంగమించిన పోతుటీఁగ తత్క్షణమే చచ్చును. మిగిలినవానిని, శీతకాలము రాఁగానే కూలియీఁగలు వెడలఁగొట్టును. ఏకరూపమైన లింగనిర్ణాయకాంశములు రెండు చేరిన గ్రుడ్డు ఫలవంతమైనను బురుషజాతియే యగును. అట్టి పిల్లలను గూలియీఁగలే తినివేయు నని 1963 లో వోయ్‌కె కనుఁగొనెను. ఆ యంశము స్వరూపము 2003 లోఁ దెలిసెను. కాఁబట్టి పలుపట్టుల పోతుటీఁగలు దూరదూరమునుండి వచ్చి కూడుట వంశక్షేమమునకు మూలము. సోమరి యను నింద యిట తొలఁగుచున్నది.

ధర్మశాస్త్రజ్ఞు లొక వింత గమనింపవలెను. పోతుటీఁగకుఁ దండ్రి లేఁడు, మాతామహుఁడు గలఁడు. దానికిఁ బుత్రులు గలుగరు. పుత్రికలును, వారిలో రాణి యైనదానివలన దౌహిత్రులును గలుగుదురు.

శాబ్దికులకును నొక మాట. అమరకోశమున సరఘా, మధుమక్షికా శబ్దములు స్త్రీలింగములు. మధుకర, భ్రమర శబ్దములు పుంలింగములు. శబ్దలింగమునుబట్టి వస్తులింగమును నిర్ణయింపఁ బూనుట, ఆయుధమునుబట్టి లింగము నిర్ణయించిన యరిస్టాటిల్ దోషమువంటిదే. ఆతని వాదమును విడిచి, హెచ్చరికను గ్రహించిన యంధుఁడు చూచినంత, చూపుగలవారు చూడరైరి.