మీరూ ఓనరే!

మొన్న ఇల్లు సర్దుతుంటే పాత ఫైల్లో ఓ ఆఫర్ లెటర్ దొరికింది. జీతం కాస్త తక్కువే గానీ స్టాక్ ఆప్షన్లు ఇస్తాం, ఇక మీరూ ఓనరే అని అందులో రాసిచ్చారు. మా నాన్నకి చూపిస్తే, "ఓనరంటున్నారు సరే, లెక్కలు కూడా చూపిస్తార్రా?" అన్నారు. నవ్వి ఊరుకున్నా. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. ఆప్షన్ల విలువ సున్నా.

స్టాక్ ఆప్షన్లు ఎప్పట్నుంచో ఉన్నాయి. వాటికి సిద్ధాంతబలం ఎక్కడ దొరికిందా అని వెదికితే ఓ జర్నల్ దగ్గర తేలాను. దాని పేరు జర్నల్ ఆఫ్ ఫైనాన్షియల్ ఎకనామిక్స్. 1974లో మైకేల్ జెన్సన్, యూజీన్ ఫామా, రాబర్ట్ మెర్టన్ కలిసి మొదలుపెట్టారు. తర్వాత మెర్టన్‌కి 1997లో, ఫామాకి 2013లో నోబెల్ వచ్చింది. జెన్సన్‌కి రాలేదు. ఈ జర్నల్‌కి పేపరు పంపితే ఫీజు కట్టాలి, సమీక్ష చేసినవాళ్ళకి డబ్బిస్తారు. ఊరికే ఎవరూ పనిచెయ్యరు అని రాసేవాళ్ళు, ముందు తమ ఇంట్లోనే అమలు చేశారన్నమాట.

మనకి కావల్సిన పేపరు 1976లో వచ్చింది. జెన్సన్, విలియమ్ మెక్లింగ్ రాశారు. విషయం చాలా సింపుల్. కంపెనీ మొత్తం నాదే అయితే, నా దర్జా కోసం పెట్టే ప్రతి రూపాయీ నా జేబులోదే. నా వాటా పది శాతమే అయితే నాకు పోయేది పది పైసలు, మిగతా తొంభై పైసలు మీవి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు! దీన్నే వాళ్ళు ఏజెన్సీ ఖర్చు అన్నారు.

మరి విరుగుడు? మేనేజర్ల బతుకుని షేరు ధరకి ముడిపెట్టడమే. 1990లో జెన్సన్, కెవిన్ మర్ఫీ లెక్కగట్టి చూస్తే, వాటాదారుల సంపద వెయ్యి డాలర్లు మారితే సీఈఓ సంపద మారేది దాదాపు మూడుంపావు డాలర్లే. ఇది చాలదన్నారు. ఆ దశాబ్దంలో అమెరికాలో ఆప్షన్లు వరదలా పారాయి.

ఇక్కడే కథ తిరగబడింది. ఆప్షన్లిచ్చిన రోజుకి ముందు షేరు పడటం, తర్వాత లేవటం మామూలైపోయింది. అంత అదృష్టమా? ర్యాండల్ హెరన్, ఎరిక్ లీ 2007లో ఇదే జర్నల్లో దీని గుట్టు విప్పారు. 2002 ఆగస్టు నుంచి, ఆప్షన్లిచ్చిన రెండు పనిదినాల్లో ఆ సంగతి ప్రభుత్వానికి చెప్పాలని రూలొచ్చింది. అంతే, ఆ అదృష్టం బాగా తగ్గిపోయింది! అంటే ధర తక్కువున్న పాత తేదీ వెదికి కాగితం మీద వేశారన్నమాట. మన భాషలో చెప్పాలంటే టైమ్‌స్టాంపు మార్చేశారు.

మనవాళ్ళకి ఈ పాఠం సత్యం నేర్పింది. 2008 డిసెంబర్లో ఆ కంపెనీ డబ్బుతో మేటాస్ కంపెనీలు కొనబోయారు. సత్యంలో ప్రమోటర్ల వాటా అప్పటికి పది శాతం లోపే, మేటాస్‌లో కుటుంబం వాటా అంతకన్నా చాలా ఎక్కువ. ఇన్వెస్టర్లు గొడవ చేస్తే కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గారు. లెక్కలే బోగస్ అన్న ఉత్తరం 2009 జనవరి 7న బయటపడింది.

నాకు నచ్చిందేంటంటే జెన్సన్ మొండిగా కూర్చోలేదు. ఎన్రాన్ కూలాక, షేరు ధర ఉండాల్సిన దానికన్నా మరీ పెరిగితే ఆ ధరని నిలబెట్టడానికి మేనేజర్లు ఎంతకైనా తెగిస్తారని 2005లో ఆయనే రాశాడు. 2024లో పోయాడు.

షేరు ఇచ్చినంత మాత్రాన ఎవరూ ఓనరైపోరు. లెక్కలు చూడగలగాలి, అడగ్గలగాలి. మా నాన్న ఏ జర్నలూ చదవలేదు. అయినా అడగాల్సిన ప్రశ్న ఆయనే అడిగాడు. అప్పుడు నవ్వకుండా ఉండాల్సింది.

మీ ఆప్షన్ల కాగితం ఒకసారి తీసి చదువుకోండి మరి.